మూడో చెరువు గట్టున

కాశ్మీరు కొండల్లో, కనుమ కింద, మూడో చెరువు గట్టున రెండు గుడారాలు. ఒకదాంట్లో శ్రీహరి పడుకొని ఉన్నాడు. సతీశ్, దేవదాస్ బయట బండ మీద కూర్చున్నారు. ముగ్గురూ సిరిసిల్ల ఐటీఐలో కలిసి చదివినవాళ్లు. సతీశ్‌దీ శ్రీహరిదీ చందుర్తి. దేవదాస్‌ది కోరుట్ల, దుబాయి నుంచి సెలవు మీద వచ్చాడు.

"మల్ల కక్కిండా?"

"కక్కనీకి కడుపుల ఏమున్నది దాసూ. పచ్చనీళ్లు. నిన్నటిసంది ఒక్క బుక్క ముట్టలే."

"నువ్వు గా మొకం సక్కగ వెట్టు సత్తీ. చూసినోళ్లు పీనిగె లేసిందనుకుంటరు."

"నవ్వులాట కాదు. తూలుతుండు. ఒంటికి పోతనని లేసిండు, నాలుగడుగులు ఎయ్యలే, బండ మీద కూలవడ్డడు. చెయ్యిస్తే, నా చెయ్యి దొరకవట్టనీకి గాలిల దేవులాడిండు."

"చేతులు వణుకుతున్నయా?"

"వణుకుతున్నయ్."

"మాటలు?"

"మాటలు గూడ అటీటు పోతున్నయ్. ఎదురు గుట్ట మీది పూలను చూసి, గింత పెద్ద బతుకమ్మ ఎవ్వలు పేర్చిండ్రు అన్నడు."

"అది మంచిగున్నోడు గూడ అంటడు. నాకు గూడ గట్లనే అనిపిచ్చింది."

"నవ్వుకుంట అంటే మంచిగున్నట్టే. వాడు ఏడ్సుకుంట అన్నడు."

"ఏడ్సుకుంటనా?"

"కండ్లల్ల నీళ్లు కారుతున్నయ్, తుడుసుకోవాలన్న సోయి లేదు."

"ఇగ అయిపోయింది. నాకు సమజైంది."

"ఏం సమజైంది?"

"కల్లు."

"కల్లు ఏంది దాసూ? గీ గుట్టల్ల కల్లేడిది?"

"లేదు కాబట్టే. బందైంది కాబట్టే. కరోనాల దుకాండ్లు మూసినప్పుడు నువ్వు చూడలేదా? దవఖాన్ల ముంగట లైన్లు ఎట్లుండె? ఒకడు గోడతోని మాట్లాడుడు, ఒకడు అంగి చింపుకునుడు. చేతులు వణుకుడు, తూలుడు, కక్కుడు, నోటికచ్చింది అనుడు. ఇంక ఏం మిగిలింది? అన్ని గివే."

"గైడు వేరే అంటుండు గద. గుట్ట ఎక్కినకొద్ది గాలి పల్చనైతదంట, కొందరికి తలకాయకు పట్టి గిట్లయితదంట. పొద్దుగాల లేవంగనే చెప్పిండు. కిందికి దింపుర్రి అన్నడు."

"గైడుకు మన కల్లు ఎరుకనా? గీడ తాడుచెట్టున్నదా, ఈతచెట్టున్నదా? మన సీసలల్ల ఏ మత్తుమందు కలుపుతరో ఆయనకేం ఎరుక?"

"వేలికి గా గాలి కొలిచే మిషిని వెట్టి చూసిండు. నంబరు మస్తు తక్కువ చూపెట్టింది."

"వేళ్లు చల్లగయితే గది గట్లనే చూపెడ్తది. నా వేలుకు వెట్టినప్పుడు ఒకసారి తక్కువ, ఒకసారి ఎక్కువ చూపెట్టలేదా?"

"చూపెట్టింది."

"నీకు తలకాయ నొస్తుందా?"

"నొచ్చింది. ఇప్పుడు తక్కువైంది."

"నాకు గూడ తక్కువైంది. ముగ్గురం ఒక్కటే గుట్ట ఎక్కినం. ఒక్కటే గాలి పీల్సుకున్నం. మనిద్దరికి లేంది వానికొక్కనికి ఎట్లయితది? ముగ్గురిల రోజు కల్లు పట్టెటోడు ఎవ్వడు? చెప్పు."

"వాడే."

"మరి? ఇంకో మాట. మొదటి దినం ఎవ్వలు ముంగట నడిసిండ్రు? నీ బ్యాగు ఎవ్వలు మోసిండ్రు?"

"హరినే. నాకు దమ్మస్తుందని గుంజుకున్నడు. రెండు బ్యాగులతోని గొర్రెపోతు లెక్క ఎక్కిండు."

"గాలి తక్కువైతే ఎవ్వలకు గిట్ల గావాలె? గల్ల ఎనుక కూసుండి ఫోన్లకు అద్దాలు అతికిచ్చే నీకు గావాలె. నాకు గావాలె. ఎద్దు అసొంటోనికి అయితదా?"

"చేతుల సంగతే నాకు మనసున వడ్తలేదు దాసూ. హరి మోటర్లు చుట్టెటోడు. వెంట్రుకంత రాగితీగ. వాని చెయ్యి వణుకంగ నేనెన్నడు చూడలే."

"గందుకే అంటున్న. కల్లు పడుతున్నన్ని రోజులు వణుకది. బందైన నాడు వణుకుతది. గా మందే చెయ్యిని నిలవెడ్తది. నాకు చెప్తవా నువ్వు?"

"నీకు చెప్పేటంత పెద్దోన్ని కాదు."

"గట్ల మూతి తిప్పకు. వానికి పానం బాగలేకుంటే నాకు మంచిగుంటదా? హాస్టల్ రూముల గోడకు గీ చెరువు బొమ్మ అంటిచ్చింది ఎవ్వలు? క్యాలెండర్ చింపి, మెతుకులతోని. ముగ్గురం పోదాం, ముగ్గురం పోదాం అని సతాయిచ్చింది వాడు."

"ఈసారి మాత్రం రానన్నడు గద. నువ్వు గుంజుకచ్చినవ్."

"గుంజుకచ్చిన. అవ్వ ఒక్కతే ఉంటదంటడు. ఒక్కతే ఉంటే ఏమైతది, పులి ఎత్కపోతదా అన్న. సాకు అది. కల్లు ఇడిసి ఉండలేడు, గది చెప్పలేడు. గందుకనే గోలీలు తెచ్చుకున్న నేను."

"ఏం గోలీలు?"

"ముందుగాల వాన్ని అడుగుదాం పా. వాని నోటితోనే ఇను."

గుడారం లోపల.

"హరీ. ఓ హరీ. లే. కండ్లు తెరువు."

"కనుమ అచ్చిందా?"

"కనుమ రేపు. నన్ను చూడు. నేనెవ్వల్ని?"

"దుబాయి సేటువు."

"సోయి ఉన్నది. గీడెవ్వలు?"

"సత్తి. పిరికోడు."

"చూసినవా సత్తీ, నిన్ను గూడ గుర్తువట్టిండు. హరీ, ఇను. నాకాడ సిగ్గెందుకు. రోజు ఎన్ని సీసలు?"

"నీళ్లియ్యి."

"ఇస్త. చెప్పు ముందుగాల. ఒక్కటా, రెండా?"

"ఒక్కటే. పెద్దది."

"ఒక్క రోజు లేకుంటే ఎట్లయితది?"

"ఉండది. ఒర్లుతది. గోడకు తల కొట్టుకుంటది."

"తల కొట్టుకోవాలనిపిస్తదంటుండు సత్తీ. ఇన్నవా?"

"ఇన్న."

"ఇయ్యాల ఎవ్వలు తెచ్చిండ్రు?"

"ఏంది హరీ?"

"సీస. పొద్దుగూకవట్టె. దుకాణం బందు వెడ్తరు. నేను పోవాలె. నా చెప్పులేడ వెట్టిండ్రు?"

"పొద్దుగూకలే. పడుకో. ఏడికి పోతవ్?"

"ఇంటికి. నన్ను దించుర్రి. నేను ఇంటికి పోత."

"అందరు గట్లనే అంటరు హరీ. ఇంటికే అంటరు. పడుకో. సత్తీ, బయటికి రా."

గుడారం ముందు గైడు నిలబడి ఉన్నాడు. దేవదాస్ అతనితో హిందీలో మాట్లాడుతున్నాడు. సతీశ్‌కు సగమే అర్థమవుతోంది.

"ఏమంటుండు దాసూ?"

"ఆగు."

"గుర్రం గురించేనా?"

"గుర్రమాయన సరుకు తేనీకి ఇప్పుడే కిందికి పోతుండంట. పంపితే గిప్పుడే పంపాలె అంటుండు. మబ్బు వట్టింది, వాన దంచితే కింది వాగు దాటరాదంట. ఇగ రేపటిదాక గుర్రం లేదంట."

"మరి పంపుదాం. నేను వెంట పోత. నువ్వు కనుమ చూసుకొని రా. మల్ల నీకు సెలవు దొరకది."

"నాకు కనుమ గావాల్నా? వాడు గిట్లుంటే నేను కనుమ చూస్తనా? ఏమనుకుంటున్నవ్రా నన్ను?"

"గట్ల కాదు."

"గుర్రం మీద పొద్దంత కూసుంటడా వాడు? కూసుండలేనోన్ని కట్టేసి తీస్కపోతవా? తోవల ఒర్లి దుంకిండనుకో, కింద లోయ. ఎవ్వలు పట్టుకుంటరు? నువ్వా?"

"మరి నువ్వు గైడుకు ఏం చెప్పినవ్?"

"ఉన్నదున్నట్టు చెప్పిన. రోజు తాగెటోడు, మందు దొరకక గిట్లయిండు, మా దిక్కు గిది మామూలే అని."

"ఏమన్నడు?"

"పక్కానా అంటుండు. కండ్లతోని ఎవ్వలు చూసిండ్రు అంటుండు. నేను దుబాయిల ఉంటి. చూసినోనివి నువ్వు. నీ ఫోన్ల దుకాణం కల్లు దుకాణానికి ఎదురుంగనే గద?"

"ఎదురుంగనే."

"రోజు చూస్తవా, చూడవా?"

"చూస్త."

"ఒక్క రోజన్న తప్పిండా?"

"తప్పలే. వాన వడ్డా గొడుగేసుకొని అచ్చేది. జరమచ్చిననాడు గూడ అచ్చిండు."

"జరంల గూడ. మరి ఆయనకు చెప్పు. హా అను. నీ హిందీకి గంతే చాలు."

"తాగుడు మాత్రం..."

"ఏంది?"

"తాగుడు చూడలే. దుకాణంల కూసుండడు. సీస సంచిల వెట్టుకొని ఇంటికి తీస్కపోతడు."

"ఇంటికి తీస్కపోయి ఏం చేస్తడు? చెట్లకు పోస్తడా?"

"గది కాదు."

"మరేంది? నీ చెల్లెను హరికి ఇయ్యనన్ననాడు గీ అనుమానం ఏడవాయె?"

"నీల ముచ్చట ఎందుకు తీస్తవ్ మధ్యల?"

"తియ్యాలె. గప్పుడు పదిమంది ముంగట ఏమన్నవ్? రోజు సీస పడ్తడు, నా కండ్లతోని చూసిన అన్నవ్. నాకు ఫోన్ చేసి గూడ గదే చెప్పినవ్. పోరిని తీస్కపోయి జగిత్యాల ఇస్తిరి. ఎంత మంచి సంబంధం ఇడిసిపెట్టుకున్నరు, దోస్తు గద, ఒక మాట మందలిచ్చి ఇయ్యుర్రి అని నేను మొత్తుకున్న. ఇన్నవా?"

"ఊకనే అన్ననా? మా నాయిన పోయి వాళ్లవ్వ మొగిలవ్వనే అడిగిండు. నీ కొడుకు తాగుతడంటున్నరు, నిజమేనా వదినా అని. కన్నతల్లి గూడ కాదనలే. తల వంచుకొని బీడీ చుట్టుకుంట, మొగపిల్లగాడు, ఎట్లుంటడో నాకేం ఎరుక అన్నది."

"మొగిలవ్వ అబద్దం ఆడే మనిషా?"

"ఎట్లాడుతది? ఊర్ల ఎవ్వడన్న తాగి ఒర్లితే చీపురు పట్టుకొని తరిమే మనిషి. కల్లు దుకాణం ఎత్తెయ్యాలని ఆడోళ్లు ధర్నా చేస్తే ముంగట కూసున్నది ఆమెనే. చెప్పులు లేకుండ కొండగట్టు పోయి, కొడుకు పేరు మీద మొక్కుకున్నది."

"తల్లి అన్నది, నువ్వు చూసినవ్. ఇప్పుడు వాడు గూడ నోటితోని ఒప్పుకున్నడు. ఇంక ఎవ్వలు రావాలె సాక్షికి?"

"ఎవ్వలు వద్దు."

"గప్పుడు అబద్దం ఆడినవా, ఇప్పుడు ఆడుతున్నవా? ఒకటి చెప్పు."

"అబద్దం ఆడలేదు నేను. గప్పుడూ ఆడలే."

"మరి హా అను. ఆయన నిలవడ్డడు."

"హా భయ్యా. రోజ్. మైనే దేఖా."

"ఇంకోసారి అడుగుతుండు. పక్కానా అని."

"పక్కా."

గైడు వెళ్లిపోయాడు.

"ఏమన్నడు దాసూ? పోవుకుంట ఏమో అన్నడు."

"మీ మనిషి సంగతి మీకే ఎరుక అన్నడు."

"ఇంకేమన్నడు?"

"గంతే."

"ఇంకేమో అన్నడు. రెండు మాటలు అన్నడు."

"నేనైతే దింపుదును అన్నడు. ఆయన అట్లనే అంటడు, ఆయనకు భయముంటది. ఏమన్నయితే ఆయన మీదికి అస్తది. పా, గోలి ఇద్దాం."

"చూపెట్టు ముందుగాల. ఏం గోలి అది?"

"నిద్రగోలి. కోరుట్లల తెలిసినోని కాడ తెచ్చిన."

"నిద్రగోలి వద్దన్నడు గద గైడు. బయిలెల్లిననాడే చెప్పిండు. మందు ముట్టద్దు, నిద్రగోలీలు అసలే ముట్టద్దు, గీ గాలిల ఊపిరి మందమైతది అని."

"గది మనకు. గీనికి కాదు. కల్లుల కలిపేది గిదే రకం మందురా. ఏది బందైందో అదే ఇస్తున్నం. ఉపాసమున్నోనికి బువ్వ వెట్టినట్టు."

"సగం ఇద్దాం దాసూ. చూద్దాం. తక్కువైతే మల్ల సగం."

"సగం మాట ఎత్తకు."

"ఎందుకు?"

"ఎత్తకన్న గద."

"ఎందుకురా?"

"మా బాపుకు సగమే ఏసింది మా అమ్మ."

"బాపుకా? బాపు గుండె ఆగి పోయిండు గద?"

"గుండె ఆగి పోయిండని నేనే చెప్పిన. అందరికి. నీకు గూడ."

"మరి?"

"కరోనాల కల్లు బందైంది. బాపుకు వణుకుడు మొదలైంది. ఎద్దును పట్టుకొని, బిడ్డా ఎప్పుడచ్చినవ్ అంటుండెనంట. డాక్టరు గోలీలు రాసిచ్చిండు. నేను దుబాయిల ఉంటి, విమానాలు బందు. ఫోన్ల చెప్పిన, అమ్మా పూర గోలి ఎయ్యే, నిద్రవోనియ్యే అని. అమ్మ భయపడ్డది. సగం ఇరిసి ఏసింది. తెల్లారి బాయిల తేలిండు. నేను ఫోన్ల చూసిన మట్టి ఎయ్యంగ."

"నాకెన్నడు చెప్పలే."

"ఏమని చెప్పాలె? సగం గోలి ముచ్చట అమ్మను ఇప్పటికి అడగలే. ఆమె చెప్పలే. సెలవుకచ్చి ఒక్క ఇంట్ల ఉండి గూడ ఒకరి మొకం ఒకరం చూస్తలేం. నేను మల్ల గది చూడను సత్తీ. వాడు రాత్రి లేసి గా చెరువుల పడితే నువ్వు తీస్తవా?"

"పూరనే ఇయ్యి."

"నీ మనసు ఒప్పుతుందా?"

"ఇయ్యి. ఇగ అడగకు."

గుడారం లోపల.

"హరీ. నోరు తెరువు."

"ఏంది?"

"తలకాయనొప్పి గోలి."

"తలకాయ నొస్తుంది దాసూ. ఎవ్వడో మేకు కొడుతుండు."

"గందుకే ఇస్తున్న. మింగు. నీళ్లు తాగు. ఇంకో గుక్క. కక్కకు, మూతి మూసి పండు."

"చేదున్నది."

"చేదుంటేనే మందు. సత్తీ, నువ్వు గీడ కూసో. దుప్పటి కప్పు. నేను చాయ వెట్టిస్త. నేను గీడ కూసుండలేను."

"ఎందుకు?"

"ఏమో. బాపు యాదికచ్చిండు."

దేవదాస్ బయటికి వెళ్లాడు. దూరంగా గుర్రం మెడలో గంటలు.

"సత్తీ."

"ఉన్న. పడుకో."

"గంటలేంది?"

"గుర్రం. కిందికి పోతుంది."

"నేను పోతనంటిని గద."

"రేపు పోదాం. ముగ్గురం పోదాం."

"చెరువు మంచిగున్నదా? అచ్చినకాడికెల్లి చూడలే నేను."

"మంచిగున్నది. క్యాలెండర్ల ఉన్నట్టే ఉన్నది. అద్దం లెక్క."

"బొమ్మ అంటిచ్చింది నేను, చూసింది మీరు."

"రేపు చూద్దువు. పొద్దుగాల నేనే లేపుత."

"నీల మంచిగున్నదా?"

"ఏ నీల?"

"ఎందరు నీలలున్నరురా నీకు."

"మంచిగనే ఉన్నది. జగిత్యాల్ల ఇల్లు కట్టుకుండ్రు. బిడ్డ పుట్టింది."

"ఎవ్వలి పోలిక?"

"నీలదే పోలిక. నువ్వు మాట్లాడకు, దమ్మస్తుంది నీకు."

"నువ్వే వద్దన్నవంట."

"ఎవ్వలు చెప్పిండ్రు?"

"మీ నాయిన. మోటరు కాలిపోయిందని తెచ్చిండు. నా కొడుకు కండ్లతోని చూసిండు బిడ్డా, నేనేం చేతు అన్నడు. ఏడ్సిండు ముసలాయన."

"నువ్వేమన్నవ్?"

"పొద్దుగూకేసరికి మోటరు చేసిస్త అన్న."

"గంతేనా?"

"పైసలు తీసుకోలే."

"మరి నన్నెందుకు అడగలే హరీ? రోజు నా దుకాణం ముంగట నుంచే పోతివి. ఒక్కనాడన్న వచ్చి అంగి పట్టుకోకపోతివి."

"నిద్రస్తుందిరా."

"పోకు. జెరసేపు మాట్లాడు. హరీ. కోపం రాలేదారా నా మీద?"

"నువ్వు చూసింది చూసినట్టే చెప్పినవ్."

"ఒక్క మాట అంటే అయిపోతుండె. బందు వెడ్త అని ఒక్క మాట. నేనే నిలవడి పెండ్లి చేసేటోన్ని. నీల గూడ నాతోని రెండేండ్లు మాట్లాడలే, ఎరుకేనా? గా ఒక్క మాట ఎందుకు అనకపోతివి?"

"ఏం బందు వెట్టాలె?"

"కల్లు."

"తాగితే గద."

"ఏంది?"

"తాగితే గద బందు వెట్టేది."

"హరీ, ఇటు చూడు. కండ్లు మూయకు. రోజు సీస పట్టుకపోతవ్ నువ్వు. వానల, జరంల. నా కండ్లతోని చూసిన."

"సీస నిజమే."

"మరి?"

"అవ్వకు."

"ఏమన్నవ్?"

"అవ్వకు తెస్త. బీడీలు చేసి చేసి నడుము వంగిపోయె. నొప్పులకు అని ఎవ్వలో అలవాటు చేసిండ్రు. ఇగ లేకుంటే ఉండది. గోడకు తల కొట్టుకుంటది. ధర్నాల కూసున్నప్పుడు గూడ సంచిల ఉండె."

"మొగిలవ్వనా?"

"ఊర్ల ముసలోళ్లు ఎందరు తాగుతలేరు. గాని అవ్వ తాగద్దు గద. అందరిని చీపురుతోని కొట్టిన మనిషి. కల్లు దుకాణం రమణకు చెప్పచ్చిన, నేనచ్చేదాక ఎనుక దర్వాజ కాడ వెట్టు అని. వెడ్తుండో లేదో. ఫోన్ కలుస్తలేదు."

"నువ్వు? నువ్వొక్క గుక్క గూడ?"

"నాకు పడది. తాగితే చెయ్యి నిలవడది. తీగ తెగుతది."

"నీల ముచ్చట అచ్చినప్పుడు... అవ్వ అట్లనుకుంట ఊకున్నదా? నిన్ను ఆగం చేసుకుంట ఊకున్నదా?"

"నేనే ఊకొమ్మన్న."

"దాసూ. ఓ దాసూ. గుర్రమాయనను ఆపు. ఉరుకు."

"ఏమైందిరా? చాయ పొయ్యి మీదున్నది."

"చాయ పారెయ్యి. గుర్రాన్ని పిలువు. హిందీల ఒర్లు. గైడును పిలువు."

"ఎందుకురా? ఆయన గా బండ మలుపు దాటిండు. ఇనవడది. వాన గూడ మొదలైంది."

"హరీ, లే. గోలి కక్కు. నోట్ల ఏలు వెట్టు. లేరా. దాసూ, వాడు తాగడురా. వాడు ఎన్నడు..."

"ఒర్రకు సత్తీ. అవ్వ ఇజ్జత్ పోతది. నువ్వు చెప్తే ఊరంత నమ్ముతది."